ఒక జెండా, రెండు జెండాలు

జేబెజ్ ట్రెమ్లెట్ వీపు నేనెప్పుడూ చూడలేదు.
పదకొండు శీతాకాలాలు
నాలుగు కర్రల వెనక తెల్లకోటుతో నిలబడ్డవాణ్ని,
నాకు అతను ఎప్పుడూ ఎదురొచ్చే మనిషే.
వారమంతా తపాలా కార్యాలయంలో
ఊళ్ల పేర్లు చదివి గళ్లలో ఉత్తరాలు పడేసేవాణ్ని.
శనివారం మధ్యాహ్నం మాత్రం ఒకటే ప్రశ్న:
లోపలా, బయటా?

యారా నది ఒడ్డున తోళ్లు ఊనే కంపెనీలు.
గాలి ఇటు తిరిగితే జనం ముక్కులు మూసుకునేవారు,
అతను గుండెల నిండా పీల్చేవాడు.
బూట్ల ఫ్యాక్టరీలో అడుగు తోళ్లు కోసేవాడికి
అది పనిచోటు వాసన.
ఆట అయ్యాక డబ్బు ముట్టకూడదని నియమం.
అయినా కొన్ని సాయంత్రాలు అతని ఎడమ బూటులో
ఒక బంగారు సవరను దొరికేదట.
ఎవరు పెట్టారో బూటుకే తెలియాలి.

ఆ రోజుల్లో తన్నడానికి తొందర ఉండేది కాదు.
గాల్లోకి లేచి, ఎవడి భుజం మీదో మోకాలు ఆనించి
బంతిని పట్టాడా, ఇక మైదానం అతనిది.
మడమతో బురదలో చిన్న గుంట చేసేవాడు.
మోకాళ్ల మీద కూర్చుని
గుడ్డును పొదుగులో పెట్టినట్టు బంతిని నిలబెట్టేవాడు.
వేలు తడిపి గాలిని అడిగేవాడు.
ఎనిమిది అడుగులు వెనక్కి.
ఎప్పుడూ ఎనిమిదే.
అన్ని వేలమంది ఊపిరి బిగబడితే
వీధి కింద ట్రాము తాడు గుయ్‌మనడం వినిపించేది నాకు.
తర్వాత తోలును తోలు కొట్టిన మోత.

నడుమ నుంచి వస్తే రెండు జెండాలు.
పక్కగా పోతే ఒకటి.
మొదట్లో ఆ ఒక్కటీ ఆటలో అరటిపండే,
ఊపేవాణ్ని, రాసుకునేవాణ్ని, లెక్కలో చేరేది కాదు.
తొంభై ఏడులో పెద్దమనుషులు కూర్చుని
తగిలితే ఆరు, తప్పితే ఒకటి అన్నారు.
ఆ వేళ కర్రల దగ్గరకొచ్చి అడిగాడు:
"ఇన్నాళ్లూ తప్పినవాటి బాకీ ఇప్పిస్తారా, మిస్టర్ క్వెల్చ్?"
పదకొండేళ్లలో మేం మాట్లాడుకుంది దాదాపు అంతే.

ఇక ఆ ఆగస్టు.
రేవు జట్టుతో ఆట, కంట్లోకి కొడుతున్న వాన,
ఆఖరి గంట మోగుతుండగా అతని తన్ను.
బంతి కుడి కర్రను రాసుకుంటూ వచ్చింది.
కర్ర మీద టక్‌మన్న చప్పుడు విన్నాను.
విన్నాననే అనుకున్నాను.
ఒక జెండా ఎత్తాను.
నాలుగు పాయింట్లతో ఓడిపోయారు.
నా కోటు నిండా బురద, కమలా తొక్కలు, వాళ్ల తల్లిభాషలో ఉన్న తిట్లన్నీ.
అతను ఒక్కడే తాపీగా నడిచొచ్చి
గుర్రం మెడ నిమిరినట్టు కర్రను నిమిరి వెళ్లిపోయాడు.

తర్వాత నాలుగేళ్లకు మోకాలు.
ఎనిమిది అడుగులు ఆరయ్యాయి, ఆరు నాలుగయ్యాయి.
ఒక గురువారం పత్రికలో జట్టు పేర్లు అచ్చయ్యాయి.
అతని పేరు ఉండే చోట
లాన్సెలాట్ బీవిస్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడి పేరుంది.
అతని కథ అంతే, పూలదండ కూడా లేదు.

చాలాకాలానికి నా బూట్లు పట్టుకుని
సందు చివర అతని దుకాణానికి వెళ్లాను.
నోటి నిండా మేకులు.
ఆ ఆగస్టు గురించి అడిగేశాను,
అడగడానికే వెళ్లానేమో.
ఒక్కో మేకూ తీసి బల్ల మీద పెట్టాడు.
నా బూటు తిరగేసి బొటనవేలితో మడమ తడిమాడు.
"ఎడమ వైపే అరిగింది చూడండి.
నిలబడినప్పుడు మీరు ఎడమకు ఒరుగుతారు, మిస్టర్ క్వెల్చ్.
ఎన్నో ఏళ్లుగా."
బూట్లు అరలో పెట్టడానికి కుంటుతూ అటు తిరిగాడు.
అప్పుడు చూశాను, ఆ వెడల్పాటి వీపు.

వారం తర్వాత తొడుక్కుని వీధిలోకి వస్తే
నేల కుడికి వాలినట్టనిపించింది.